ఏటి గట్టున బెల్లింగ్‌హామ్ చొక్కా

లేత్ మీద అంకుడు కర్ర గిర్రున తిరుగుతోంది. కుర్రాడు ఉలి ఆనించగానే తెల్లటి పొట్టు చుట్టలు చుట్టలుగా లేచి అతని మోచేతుల మీద, ఒడిలో, నేల మీద రాలుతోంది. చూస్తూండగానే కర్రకు మెడ వచ్చింది, పొట్ట వచ్చింది, కింద మొన తేలింది. బొంగరం! నేను జేబులోంచి కళ్లజోడు తీసి, తుడిచి పెట్టుకునేలోపు పని అయిపోయింది.

ఏటికొప్పాకలో బొంగరం చెక్కడం వింతేమీ కాదు. ఆ కుర్రాడి వీపు నన్ను నిలబెట్టేసింది. పొట్టు అంటుకున్న తెల్ల జెర్సీ, దాని మీద 5 అంకె, అంకె పైన ఇంగ్లిష్ అక్షరాల్లో బెల్లింగ్‌హామ్ అన్న పేరు. స్పెయిన్‌లోని రియల్ మాడ్రిడ్ క్లబ్బుకు ఆడుతున్న ఇంగ్లండ్ మిడ్‌ఫీల్డర్ జూడ్ బెల్లింగ్‌హామ్ చొక్కా అది. ఉతికి ఉతికి అంచులు పోగులు లేచాయి.

"ఆట చూస్తావా?" అని అడిగాను.

"ఫోన్లో చూస్తాను మేస్టారూ. మేచి అర్ధరాత్రి దాటేక వస్తది. తెల్లారి లేటుగా లేస్తే మావయ్య ఊరుకోడు" అన్నాడు మిషన్ ఆపకుండానే.

ఇంటర్ రెండో ఏడు చదువుతున్నాడట. సెలవుల్లో మావయ్య షెడ్డులో పని నేర్చుకుంటున్నాడు. రెండో బొంగరానికి కర్ర బిగిస్తూ తనే మళ్లీ మొదలుపెట్టాడు. "ఈడు పదారేళ్లకే పెద్దోళ్ల టీంలో ఆడేసేడు. చిన్నప్పుడే క్లబ్బోళ్లు తీసుకెళ్లిపోయేరు. మన పక్క నుంచి అలా ఎల్లినోళ్లు ఎవలైనా ఉన్నారా మేస్టారూ?"

జవాబు నాకు వెంటనే తోచింది. కానీ మిషన్ చప్పుడులో రెండు ముక్కల్లో చెప్పి ఊరుకునేది కాదు. రాస్తాను, చదువుకుందువుగాని అన్నాను. ఈ కథనం ఆ మాట కోసమే. అతని ప్రశ్నకు జవాబు అతని ఊరి నుంచే మొదలుపెడతాను. ఒక పిల్లవాడి చేతికి విద్య ఎలా పడుతుందో చూడాలంటే ఇంతకంటే మంచి చోటు నాకు తెలియదు.

అంకుడు, లక్క, మొగలాకు

ఊరి పేరులోనే ఏరు ఉంది. ఆ ఏరు వరాహ నది. విశాఖపట్నం నుంచి తుని వైపు జాతీయ రహదారి మీద వస్తూ, అనకాపల్లి, యలమంచిలి దాటాక లోపలికి తిరిగితే చెరకు, వరి చేల మధ్య నుంచి దారి. నర్సీపట్నం, ఆ పైన మన్యం కొండలు పడమటి వైపు. ఈ ఊరికి ప్రాణం ఆ కొండల నుంచే దిగింది. అంకుడు చెట్టు అక్కడిదే. దాని కర్ర మెత్తన, తెలుపు, పోగు సన్నం. ఉలికి అడ్డం తిరగదు. కొమ్మ నరికితే మొదలు నుంచి మళ్లీ చిగురిస్తుంది. ఇన్ని తరాలుగా ఇన్ని లక్షల బొమ్మలు ఒకే చెట్టు నుంచి రావడానికి ఆ చిగురు గుణం ఒక కారణం. అయినా ఇప్పుడు కర్ర దొరకడం కష్టమవుతోందని షెడ్డు షెడ్డులోనూ వినిపిస్తుంది. నరికినంత జోరుగా నాటడం లేదు.

తెచ్చిన కర్రను వెంటనే మిషన్‌కి ఎక్కించరు. నీడన ఆరబెడతారు. పచ్చిది చెక్కితే బొమ్మ తర్వాత పగులుతుంది. తొందరపడితే ఏమవుతుందో కుర్రాళ్లకు నేర్పే మొదటి పాఠం అది. పగిలిన భరిణె ఒకటి చేతికిచ్చి, చూసుకోమంటారు. తర్వాత బెరడు తీయడం, ముక్కలు కోయడం. పూర్వం తరిమెనకు, అంటే చేతి లేత్‌కు, తాడు చుట్టి ఒకరు అటూ ఇటూ లాగుతుంటే ఇంకొకరు చెక్కేవారు. తాడు లాగే పని చిన్నవాళ్లది. కరెంటు లేత్‌లు వచ్చాక తాడు పోయింది. కానీ నేర్చుకునే వరుస మారలేదు. ముందు చూడాలి. తర్వాత అందించాలి. తర్వాత పొడుగు కర్రను ఊరికే నున్నగా చేయాలి. ఆ తర్వాతే ఆకారం.

ఇక లక్క. చెట్ల కొమ్మల మీద లక్క పురుగులు కూర్చే బంకను శుద్ధి చేసి, వేడి మీద మెత్తబరిచి, రంగు కలిపి, తీగలా సాగదీసి మళ్లీ మడిచి, ఆ రంగు అణువణువుకూ పట్టేదాకా పిసుకుతారు. చల్లారాక అది కడ్డీ అవుతుంది. తిరుగుతున్న బొమ్మకు ఆ కడ్డీని ఒత్తిపట్టగానే రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు అంటుకుంటుంది. కుంచె ఉండదు, తడి ఉండదు. వెంటనే ఎండిన మొగలాకు ముక్కను దానికి ఆనిస్తారు. ఆకు పూతను సమం చేస్తుంది, అద్దంలాంటి నిగనిగ తెస్తుంది. ఎంత గట్టిగా ఒత్తాలి, ఎప్పుడు తీయాలి అన్నది ఏ పుస్తకంలోనూ ఉండదు. నొక్కు ఎక్కువైతే పూత మాడుతుంది, తక్కువైతే పొలుసు లేస్తుంది. ఆ కుర్రాడి మావయ్యను ఎన్నాళ్లకు వస్తుందని అడిగితే "చెయ్యి చెప్పినప్పుడు" అన్నాడు.

ఇలా తయారైనవే మనందరి చిన్ననాటి లక్కపిడతలు. పొయ్యి, కుండ, గరిటె, రోలు, తిరగలి, అన్నీ అరచేతిలో పట్టేంత. కుంకుమ భరిణెలు, గిలక్కాయలు, బొంగరాలు, పెళ్లి బొమ్మలు. సంక్రాంతి బొమ్మల కొలువులో ఏటికొప్పాక బొమ్మ లేని ఇల్లు మా చిన్నప్పుడు మా చుట్టుపక్కల ఉండేది కాదు.

ఈ పని ఒక దశలో చేజారిపోబోయింది. ప్లాస్టిక్ బొమ్మ వచ్చింది, దాని ధరతో పోటీ పడటానికి లక్కలోకి రసాయన రంగులు వచ్చాయి. పసిపిల్ల గిలక్కాయను ముందు నోట్లో పెట్టుకుంటుంది. సీసం లాంటివి కలిసిన రంగు పూసిన గిలక్కాయ ఎంత అందంగా ఉంటేనేం? ఆ సమయంలో ఇదే ఊరివాడైన సి.వి. రాజు పాత దారి వెతికారు. పసుపు కొమ్ము నుంచి పసుపు, జాఫ్రా గింజల నుంచి నారింజ ఎరుపు, నీలి మొక్క నుంచి నీలం, ఈ నీలానికి పసుపు కలిపితే ఆకుపచ్చ. ఇవన్నీ పేరుకు సులువు. లక్క వేడికి మాడకుండా, ఏళ్లు గడిచినా వెలిసిపోకుండా ఆకు, బెరడు, గింజ రంగులను నిలబెట్టడానికి ఆయన ఏళ్ల తరబడి ప్రయత్నం మీద ప్రయత్నం చేయవలసి వచ్చింది. తను కనుక్కున్నది పెట్టెలో దాచుకోకుండా షెడ్డు షెడ్డుకీ నేర్పారు. నా లెక్కలో ఆయన చేసిన అసలు పని ఇదే.

తర్వాతి సంగతులు పత్రికల్లో మీరు చదివే ఉంటారు. 2017లో ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2020 ఆగస్టులో ప్రధాని తన 'మన్ కీ బాత్' ప్రసంగంలో ఈ ఊరిని, రాజు గారిని తలుచుకున్నారు. 2023లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీ కర్తవ్య పథ్ మీద మన రాష్ట్ర శకటంగా ఏటికొప్పాక బొమ్మలే నడిచాయి, రాష్ట్రాల శకటాల్లో మూడో బహుమతి తెచ్చాయి. జెర్సీ కుర్రాడు ఆ రోజు టీవీ ముందు ఈలలు వేశాడట.

22 వెనక లెక్క

ఇప్పుడు అతని వీపు మీద పేరు గురించి.

జూడ్ బెల్లింగ్‌హామ్ 2003 జూన్ 29న ఇంగ్లండ్‌లోని స్టవర్‌బ్రిడ్జ్‌లో పుట్టాడు. బర్మింగ్‌హామ్‌కు దగ్గర్లోని ఆ ఊరికి ఒక చరిత్ర ఉంది. గాజు ఊది, కోసి, చెక్కే పనికి శతాబ్దాలుగా అది పేరుమోసిన చోటు. ఈ సంగతి జెర్సీ కుర్రాడికి తెలియదు. చెబితే లేత్ ఆపి నా వైపు తిరిగాడు. "ఐతే ఆళ్లదీ చేతిపని ఊరేనా!" అన్నాడు.

జూడ్ తండ్రి మార్క్ పోలీసు ఉద్యోగి. ఉద్యోగం చేస్తూనే వారాంతాల్లో చిన్న చిన్న లీగుల్లో ఆడి వందల గోల్స్ కొట్టినవాడు. తండ్రి ఆట చూస్తూ పెరిగిన జూడ్‌ను బర్మింగ్‌హామ్ సిటీ క్లబ్బు ఎనిమిదేళ్ల లోపు పిల్లల బృందంలోనే చేర్చుకుంది. అక్కడినుంచి పెద్ద జట్టు దాకా అదే క్లబ్బు, అదే ఊరు, దాదాపు అవే ముఖాలు.

మిడ్‌ఫీల్డర్ అంటే మైదానం నడుమ నిలిచి, వెనకవాళ్లకూ ముందువాళ్లకూ వంతెన కట్టేవాడు. ఫుట్‌బాల్ వాడుకలో 4వ నంబరు వెనక కాపు కాస్తూ బంతి లాక్కునేవాడు. 8వ నంబరు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా పరుగులు తీసేవాడు. 10వ నంబరు ముందుండి గోల్‌కు దారి చూపేవాడు. సాధారణంగా పిల్లవాడిని ఈ మూడింటిలో ఏదో ఒక దానికి కుదించేస్తారు. అకాడమీ కోచ్ మైక్ డాడ్స్ మాత్రం ఈ పిల్లవాడు మూడూ కాగలడని నమ్మాడు. 4, 8, 10 కలిపితే 22. ఆ నంబరు చొక్కాతోనే జూడ్ పెద్ద జట్టులోకి వచ్చాడు.

2019 ఆగస్టు 6న, 16 ఏళ్ల 38 రోజుల వయసులో, పోర్ట్స్‌మత్ మీద లీగ్ కప్ మ్యాచ్‌లో తొలిసారి ఆడాడు. ఆ క్లబ్బు చరిత్రలో అంత చిన్న వయసులో ఎవరూ ఆడలేదు. దాదాపు యాభై ఏళ్లుగా ట్రెవర్ ఫ్రాన్సిస్ పేరిట ఉన్న రికార్డు అది. ఆ రోజు జట్టు 3-0తో ఓడిపోయింది. అదే నెల 31న స్టోక్ మీద మధ్యలో దిగి గెలుపు గోల్ కొట్టాడు. ఒక్క సీజన్ ఆడాడు. 2020 జులైలో జర్మనీలోని బొరుసియా డార్ట్‌మండ్‌కు వెళ్లాడు. వెళ్తుంటే బర్మింగ్‌హామ్ క్లబ్బు ఆ 22 నంబరును ఇంకెవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టింది. ఒక్క ఏడాది ఆడిన కుర్రాడికి ఇంత గౌరవమా అని అక్కడ కొందరు నొసలు చిట్లించారు. ఆ ఏడాది నవంబరులోనే, పదిహేడేళ్లకు, ఇంగ్లండ్ జాతీయ జట్టు చొక్కా వేసుకున్నాడు. 2023లో రియల్ మాడ్రిడ్.

జూడ్ ప్రతిభ గురించి నేను వాదించను. అది కంటికి కనిపిస్తూనే ఉంది. నన్ను కదిలించేది అతని మొదటి పదేళ్లు. ఇంట్లో ఆట తెలిసిన తండ్రి ఉన్నాడు. రోజూ వెళ్లగలిగినంత దూరంలో క్లబ్బు ఉంది. వచ్చిన పిల్లవాడి వంక తేరిపార చూసి, వీడు ఒక అంకెలో ఇమిడేవాడు కాదని గుర్తుపట్టిన గురువు ఉన్నాడు. కర్ర మంచిదే. దాన్ని ఆరబెట్టిన నీడ కూడా మంచిది.

అద్దె సైకిలు

ఇక అతని ప్రశ్న. మన పక్క నుంచి ఎవరైనా ఉన్నారా?

ఉన్నారు బాబూ. పేరు తులసీదాస్ బలరాం.

సికింద్రాబాద్ కంటోన్మెంట్ పక్కన అమ్ముగూడ అనే పల్లె ఉండేది. ఇప్పుడది నగరంలో కలిసిపోయి రైల్వే స్టేషన్ పేరుగా ఎక్కువ మందికి తెలుసు. 1936లో అక్కడ, తమిళనాడు మూలాలున్న ఒక పేద కుటుంబంలో బలరాం పుట్టారు. చుట్టూ సైన్యం బారకాసులు, వాళ్ల మైదానాలు. సాయంత్రమైతే సైనికుల జట్లు ఆడేవి. పిల్లలు గీత అవతల నిలబడి చూసేవారు. ఏటికొప్పాకలో లేత్ చప్పుడు వింటూ పిల్లలు పెరిగినట్టు అమ్ముగూడలో బంతి చప్పుడు వింటూ పెరిగారు. ఏ ఊరి గాలిలో ఏ పని ఉంటే పిల్లల కాళ్లూ చేతులూ అటే పోతాయి.

బలరాం మొదట సికింద్రాబాద్‌లో ఆర్మీ కంబాట్ ఫోర్స్ జట్టుకు, తర్వాత హైదరాబాద్ లీగ్‌లో రైడర్స్ క్లబ్బుకు ఆడారు. ఆనాటి హైదరాబాద్ ఫుట్‌బాల్ గురించి ఇప్పటి పిల్లలకు ఎంత చెప్పినా తక్కువే. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయి వెళ్లి రోవర్స్ కప్ ఎత్తుకొచ్చింది. ఆ జట్టును తయారుచేసినవాడు ఒక బడిపంతులు. సయ్యద్ అబ్దుల్ రహీం. అందరికీ రహీం సాబ్. కాచిగూడ మిడిల్ స్కూలులోనూ, మరికొన్ని బడుల్లోనూ పాఠాలు చెప్పిన ఆయన, సాయంత్రాలు మైదానంలో గడిపేవారు. ఆయన పెట్టే పోటీలు కూడా బడిపంతులు పెట్టినట్టే ఉండేవి. ఒక పోటీలో బంతిని కాళ్ల దగ్గర అట్టే పెట్టుకుని డ్రిబుల్ చేయకూడదు, వెంటనే అందించెయ్యాలి. ఇంకో పోటీలో చేతకాని కాలితోనే తన్నాలి. కుడి కాలివాడికి ఎడమ కాలు వచ్చేదాకా వదిలేవారు కాదు. 2024లో అజయ్ దేవగణ్ నటించిన 'మైదాన్' సినిమా ఈ రహీం సాబ్ కథే.

ఆ రహీం కళ్లు 1950ల నడుమ ఒక మ్యాచ్‌లో బలరాం మీద పడ్డాయి. హైదరాబాద్ జట్టు ఎంపిక శిబిరానికి రమ్మన్నారు. అప్పుడొచ్చింది అసలు చిక్కు. అమ్ముగూడ నుంచి హైదరాబాద్ నడిబొడ్డుకు రావడం, పోవడం రోజూ అయ్యే పని కాదు, చేతిలో డబ్బు లేదు. కుర్రాడు ఆ మాటే చెప్పాడు. రహీం సాబ్ అద్దె సైకిలుకు డబ్బులిచ్చి, తొక్కుకుంటూ రమ్మన్నారు.

బలరాం జీవితంలో గొప్ప ఘట్టాలు చాలా ఉన్నాయి. నాకు మాత్రం ఈ సైకిలును మించింది కనిపించదు. ఆ పూట ఆ పంతులు "సరే, వీలైనప్పుడు రా" అని ఊరుకుని ఉంటే, అమ్ముగూడలో మరో కుర్రాడు ఏదో ఒక పనిలో చేరిపోయి, సాయంత్రాలు గీత అవతల నిలబడి ఆట చూస్తూ బతుకు వెళ్లదీసేవాడు. అలాంటివాళ్లు ఎందరు ఉండి ఉంటారో లెక్క వేసేవారే లేరు.

ఆ సైకిలు ఎక్కడిదాకా వెళ్లిందో చూడండి. బలరాం హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టులోకి వచ్చారు. 1956, 57 సంవత్సరాల్లో సంతోష్ ట్రోఫీ గెలిచిన హైదరాబాద్ జట్టులో ఆడారు. 1956 చివర్లో, ఇరవై ఏళ్ల ప్రాయంలో, రహీం శిక్షకుడిగా ఉన్న భారత జట్టుతో మెల్బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లారు. అక్కడ మనవాళ్లు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీ ఫైనల్ చేరారు, నాలుగో స్థానంతో తిరిగొచ్చారు. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో ఇప్పటికీ మన దేశానికి అదే మేటి. 1957లో కలకత్తా ఈస్ట్ బెంగాల్ క్లబ్బు ఆయన్ను తీసుకుంది. సైకిలు అద్దెకు తడుముకున్న కుర్రాడు రెండు మూడేళ్లలో ఆ మహానగరంలో వేలమంది గొంతు చించుకుని పిలిచే పేరయ్యాడు.

జెర్సీ కుర్రాడు నిలదీస్తాడేమో, ముందే చెప్పేస్తాను. బలరాంను ఇవాళ్టి కొలతల్లో అచ్చంగా మిడ్‌ఫీల్డర్ అనలేం. ఆ రోజుల్లో ముందు వరసలో ఐదుగురు ఆడేవారు. అందులో ఆయనది ఎక్కువగా ఎడమ పక్క లోపలి చోటు. కానీ బంతి కోసం ముందు కాచుక్కూర్చునే రకం కాదు. వెనక్కి దిగి, తీసుకుని, ఇద్దరు ముగ్గురిని తప్పించి, తోటివాడికి సరిగ్గా పాదం దగ్గర పెట్టేవారు. 8 అనండి, 10 అనండి, ఆ రెండు పనులూ ఆయన ఆటలో ఉన్నాయి. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద ఒకటి, పెరూ మీద ఒకటి గోల్ కొట్టారు. పి.కె. బెనర్జీ, చునీ గోస్వామి, బలరాం. ఆ ముగ్గురి పేర్లు ఒకే ఊపిరిలో చెప్పేవారు. 1962లో జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో గెలిచి స్వర్ణం తెచ్చిన జట్టులో ముగ్గురూ ఉన్నారు. అదే ఏడాది బలరాంకు అర్జున అవార్డు వచ్చింది.

ఆ మరుసటి ఏడాదే అంతా ఆగిపోయింది. 1963 జూన్‌లో రహీం సాబ్ క్యాన్సర్‌తో కన్నుమూశారు. ఆ ఏడాదే ఊపిరితిత్తుల జబ్బు బలరాంను మైదానం నుంచి తప్పించింది. ఇరవై ఏడు కూడా నిండీ నిండని వయసు. ఆ ముగ్గురిలో మిగతా ఇద్దరికీ పద్మశ్రీలు వచ్చాయి, బలరాంకు రాలేదు. బెంగాల్‌లోనే, హుగ్లీ ఒడ్డున ఉత్తర్‌పాడాలో ఉండిపోయి 2023 ఫిబ్రవరి 16న వెళ్లిపోయారు. ఆయన పేరు చెబితే కోల్‌కతాలో ముసలివాళ్ల ముఖాలు వెలుగుతాయి. మన తెలుగు నేల మీద చదువుకున్న కుర్రాడికి ఆ పేరు నేను చెప్పేదాకా తెలియదు. ఈ లోటు మనది. బడి పుస్తకాలు రాసేవాళ్లది, మాలాంటి పత్రికలవాళ్లది.

నిజామాబాద్ తండా నుంచి

ఇదంతా పాతకాలం ముచ్చట అనుకుంటే, కొత్త పేరు ఒకటి. గుగులోత్ సౌమ్య. నిజామాబాద్ జిల్లా తండా అమ్మాయి. 2022లో జ్యోతి చౌహాన్‌తో పాటు క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ మహిళల జట్టుకు ఆడటానికి వెళ్లింది. తర్వాత ఈస్ట్ బెంగాల్‌లో చేరింది. అవును, బలరాం ఆడిన క్లబ్బే. 2024-25 సీజన్లో ఆ జట్టు భారత మహిళల లీగ్ గెలిచింది. అదే సీజన్‌కు దేశంలో ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్‌గా అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆమెను ఎంపిక చేసింది. అమ్ముగూడ కుర్రాడికీ, నిజామాబాద్ అమ్మాయికీ మధ్య అరవై ఏళ్లకు పైగా దూరం ఉంది. ఇంత కాలంలో మన రెండు రాష్ట్రాల నుంచి చెప్పుకోవడానికి ఇంకా ఎన్నో పేర్లు ఉండాల్సింది.

సాయంత్రం నాలుగు

రెండోసారి ఏటికొప్పాక వెళ్లినప్పుడు ఆ కుర్రాడు నన్ను ఏటి వైపు తీసుకెళ్లాడు. వాళ్లు ఆడే చోటు చూపిస్తానన్నాడు. వరాహలో నీళ్లు ఒక పక్కకు ఒదిగి పారుతున్నాయి. ఇటు పక్క ఇసుక, దాని పైన గడ్డి. చెప్పులు రెండు ఇటు, రెండు అటు పెడితే గోల్ స్తంభాలు. బంతి గాలి దిగిన వాలీబాల్. ఫుట్‌బాల్ కొన్నారట, ముళ్ల కంపలో పడి పగిలింది. పదిమంది పిల్లలున్నారు. వాళ్లలో సగానికి పైగా సెలవుల్లో షెడ్డుల్లో చేయి ఆడించేవాళ్లే.

చాలాసేపు చూశాను. ఒక చిన్నవాడు, పన్నెండేళ్లు ఉంటాయేమో, ఒంటి కాలితోనే తంతున్నాడు. బంతి ఎడమకు వస్తే దాన్ని కుడికి మళ్లించుకోవడానికి చుట్టూ తిరిగి వస్తున్నాడు. ఆ లోపల బంతి పోతోంది. రహీం సాబ్ ఉంటే ఒక్క వారం ఎడమ కాలితోనే ఆడించేవారు. ఆ మాట చెప్పడానికి అక్కడ ఎవరూ లేరు. నేను చెప్పగలను, కానీ చేసి చూపలేను. లేత్ దగ్గరా అంతే. ఒత్తిడి ఎంత అన్నది మాటల్లో చెబితే రాదు, పక్కన కూర్చుని చేసి చూపాలి.

జెర్సీ కుర్రాడు మాత్రం వేరు. తల ఎత్తి ఆడుతున్నాడు. బంతి కాలి దగ్గరికి రాకముందే ఎటు పంపాలో చూసుకుంటున్నాడు. తిరుగుతున్న కర్ర మీద చూపు నిలిపి చేతిని ఆడించే అలవాటు ఇక్కడ కలిసొచ్చిందేమో అనిపించింది. వీడు పెద్ద ఆటగాడవుతాడని నేను చెప్పను. పదిహేడు దాటిపోయింది. ఆ వయసుకు బెల్లింగ్‌హామ్ ఇంగ్లండ్‌కు ఆడేశాడు. ఆ లెక్క అతనికి నాకంటే బాగా తెలుసు. తిరిగి వస్తుంటే తనే అన్నాడు: "నాకు లేటైపోయింది మేస్టారూ. ఈ సిన్న గుంటలకైతే టైముంది."

అందుకే ఈ కథనం చివర ఒక విన్నపం. బొమ్మలు కొనడానికి ఏటికొప్పాక వెళ్లేవాళ్లు ఏటేటా పెరుగుతున్నారు. కార్లలో వస్తారు, బొంగరాలు, లక్కపిడతలు కొంటారు, బేరం ఆడతారు, ఫొటోలు తీసుకుని వెళ్తారు. బేరం కాస్త తగ్గించుకోండి, ఆ మొగలాకు నిగనిగ వెనక ఎన్నేళ్ల చేయి ఉందో పైన చదివారు కదా. వెళ్లేటప్పుడు ఒక ఫుట్‌బాల్ పట్టుకెళ్లండి. పెద్దవాళ్లు ఆడే 5వ సైజుది ఒకటి, చిన్నవాళ్లకు 4వ సైజుది ఒకటి. గాలి కొట్టే పంపు మరిచిపోవద్దు.

విశాఖలో రైల్వేకో, పోర్టుకో, నేవీకో, స్టీల్ ప్లాంటుకో ఆడి రిటైరైనవాళ్లు ఇది చదువుతుంటే, మీకు ప్రత్యేకంగా చెబుతున్నాను. నెలకు ఒక్క ఆదివారం చాలు. ఎడమ కాలు ఎలా వాడాలో ఆ పిల్లలకు చేసి చూపండి. రెండు గంటల్లోపు ప్రయాణం. సాయంత్రం నాలుగు దాటాక ఏటి గట్టు వైపు నడవండి. పిల్లలు అక్కడే ఉంటారు.